పాత డిజిటల్ కెమెరాలకు సరిపడే మెమరీ కార్డులు

డిజిటల్ కెమెరా తీసిన ఫోటోలను విద్యుత్తు లేకపోయినా చెరిగిపోకుండా నిలిపి ఉంచే, అవసరమైనప్పుడు చేత్తో తీసి మార్చుకోగలిగే నిల్వ సాధనం మెమరీ కార్డు. తెలుగువారి వాడుకలో దీనికి ‘చిప్పు’ అనే పేరు కూడా ఉంది. 1990ల నడుమ నుంచి సుమారు 2010 వరకు వచ్చిన కెమెరాల్లో వాడిన కార్డులు, వాటి పరిమితులు, ఇప్పుడు ఆ కెమెరాలకు సరైన కార్డును ఎంచుకొనే పద్ధతి ఈ వ్యాసం పరిధి.

ఒక కార్డు ఒక కెమెరాలో పనిచేయాలంటే మూడు విషయాలు కుదరాలి. ఒకటి ఆకారం: కార్డు గాడిలో పట్టాలి, పిన్నులు కలవాలి. రెండు సంకేత విధానం: కెమెరా అడిగే తీరు కార్డుకు, కార్డు జవాబిచ్చే తీరు కెమెరాకు తెలియాలి. మూడు ఫైల్ వ్యవస్థ: కార్డులో ఏ ఫోటో ఎక్కడుందో రాసుకొనే పద్దును కెమెరా చదవగలగాలి. ఆకారం తేడా అయితే చాలాసార్లు అడాప్టరుతో సరిపోతుంది. ఫైల్ వ్యవస్థ తేడా అయితే మళ్లీ ఫార్మాట్ చేస్తే పోతుంది. సంకేత విధానం కుదరకపోతే మాత్రం, తయారీదారు కెమెరా ఫర్మ్‌వేర్‌ను సవరించి విడుదల చేసిన కొద్ది సందర్భాల్లో తప్ప, చేయగలిగింది లేదు. పాత కెమెరా కొన్నవారు పడే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఈ మూడింటిలో ఏది అడ్డుపడిందో తెలియకపోవడం వల్ల వచ్చేవే.

చరిత్ర

మొదటి తరం డిజిటల్ కెమెరాల్లో చాలావాటికి కార్డే లేదు. 1994లో వచ్చిన ఆపిల్ క్విక్‌టేక్ 100, 1995లో వచ్చిన కాసియో క్యూవీ-10 ఫోటోలను లోపలి మెమరీలోనే దాచుకొనేవి. క్యూవీ-10లో ఉన్నది 2 ఎంబీ. అది నిండితే కేబులు తగిలించి కంప్యూటరులోకి దించుకోవాల్సిందే. అంతకు ముందే, 1988లో, ఫ్యూజీ సంస్థ డీఎస్-1పీ అనే నమూనా కెమెరాలో తీసి మార్చుకొనే మెమరీ కార్డును చూపించింది. అయితే అది బ్యాటరీ ఆధారంగా నిలిచే ఎస్‌రామ్ కార్డు. బ్యాటరీ పోతే ఫోటోలూ పోతాయి. విద్యుత్తు అక్కర్లేని ఫ్లాష్ మెమరీ చవకై, చిన్నదయ్యాకే కార్డుల కాలం మొదలైంది.

1994లో శాన్‌డిస్క్ కాంపాక్ట్‌ఫ్లాష్‌ను, 1995లో తోషిబా స్మార్ట్‌మీడియాను తెచ్చాయి. 1996 నాటి కొడాక్ డీసీ25 కాంపాక్ట్‌ఫ్లాష్ పెట్టుకొనే తొలి కెమెరాగా పేరు పొందింది. 1997లో శాన్‌డిస్క్, సీమెన్స్ కలిసి మల్టీమీడియా కార్డును, 1998లో సోనీ మెమరీ స్టిక్‌ను విడుదల చేశాయి. 1999లో శాన్‌డిస్క్, మత్సుషిత, తోషిబా ఎస్‌డీ కార్డును ప్రకటించాయి. 2002లో ఒలింపస్, ఫ్యూజీఫిల్మ్ కలిసి ఎక్స్‌డీ పిక్చర్ కార్డును తెచ్చాయి. ఎనిమిదేళ్లలో ఆరు రకాలు పుట్టాయి. ఒకదాని గాడిలో మరొకటి దాదాపుగా పట్టదు.

కార్డులు ఖరీదుగా ఉన్న ఆ రోజుల్లో వేరే దారులు కూడా తొక్కారు. సోనీ 1997లో తెచ్చిన మావికా ఎఫ్‌డీ5, ఎఫ్‌డీ7 కెమెరాలు మామూలు 3.5 అంగుళాల ఫ్లాపీ మీద ఫోటోలు రాసేవి. 2000లో వచ్చిన మావికా సీడీ1000 అయితే 8 సెంటీమీటర్ల చిన్న సీడీ మీద రాసేది. ఐబీఎం 1999లో ఒక అంగుళం హార్డ్ డిస్కును కాంపాక్ట్‌ఫ్లాష్ ఆకారంలో ఇమిడ్చి మైక్రోడ్రైవ్ పేరుతో 170, 340 ఎంబీ సామర్థ్యాల్లో అమ్మింది. మరుసటి ఏడాది 1 జీబీ రకం తెచ్చింది.

రకాలు

కాంపాక్ట్‌ఫ్లాష్

42.8 మి.మీ. వెడల్పు, 36.4 మి.మీ. పొడవు, 50 పిన్నులు. మందంలో రెండు రకాలు: 3.3 మి.మీ. ఉన్నది టైప్ 1, 5 మి.మీ. ఉన్నది టైప్ 2. పలుచటి కార్డు మందపు గాడిలో పడుతుంది. మందపు కార్డు పలుచటి గాడిలో పట్టదు. మైక్రోడ్రైవ్‌లు టైప్ 2 రకానివి. అందువల్ల టైప్ 1 గాడి ఉన్న చిన్న కెమెరాల్లో వాటికి చోటు లేదు.

ఈ కార్డు లోపలే కంట్రోలర్ ఉంటుంది. ఫ్లాష్ చిప్పుల్లో ఏ గడి ఎక్కడుందో, ఏది పాడైందో చూసుకొనే పని దానిదే. కెమెరా వైపు నుంచి చూస్తే కార్డు ఒక చిన్న హార్డ్ డిస్కులాగే కనిపిస్తుంది, ఎందుకంటే సంకేత విధానం కంప్యూటర్ హార్డ్ డిస్కులు వాడిన ఏటీఏ పద్ధతే. ఇరవై ఏళ్ల నాటి కెమెరాలో ఇప్పటి కార్డు సాధారణంగా పనిచేయడానికి కారణం ఇదే. 3.3 వోల్టులు, 5 వోల్టులు రెండింటి మీదా నడుస్తుంది కాబట్టి వోల్టేజీ చిక్కు కూడా లేదు.

కొనేటప్పుడు పేరు దగ్గర మోసపోవచ్చు. సీఫాస్ట్ కార్డు చూడ్డానికి కాంపాక్ట్‌ఫ్లాష్ అంతే ఉంటుంది, కానీ దాని కనెక్టరు వేరు. సీఎఫ్ ఎక్స్‌ప్రెస్‌కు పేరులో తప్ప దీనితో పోలిక లేదు. రెండూ పాత కెమెరాలో పనికిరావు.

ఈ రకంలో అసలు బలహీనత కార్డులో కాదు, కెమెరాలో ఉంది. 50 సన్నటి పిన్నులు కెమెరా గాడి అడుగున నిలబడి ఉంటాయి. కార్డు అంచున ఉన్నవి రంధ్రాలు మాత్రమే. కార్డును వంకరగా తోస్తే పిన్ను వంగుతుంది. పాత కెమెరా కొనేముందు టార్చి వేసి గాడిలోకి చూసి, పిన్నుల వరుస తిన్నగా ఉందో లేదో గమనించడం మంచిది.

స్మార్ట్‌మీడియా

45 × 37 మి.మీ. కొలతలతో, 0.76 మి.మీ. మందంతో, విజిటింగ్ కార్డు ముక్కలా ఉండే పలుచటి కార్డు. ఒక వైపు 22 బంగారు రంగు పలకలు బయటికే కనిపిస్తాయి. ఒలింపస్, ఫ్యూజీఫిల్మ్ కెమెరాల్లో ఎక్కువగా వాడారు. సామర్థ్యం 2 ఎంబీతో మొదలై 128 ఎంబీ దగ్గర ఆగిపోయింది.

ఇందులో కంట్రోలర్ లేదు. ఉన్నది వట్టి ఫ్లాష్ చిప్పు. గడుల లెక్క, పాడైన గడుల జాబితా అన్నీ కెమెరాయే చూసుకోవాలి. దాంతో కార్డు చవకగా తయారైంది. ఆ చవకే తరవాత గుదిబండ అయింది. కెమెరా తయారైన నాటికి లేని పెద్ద చిప్పును ఆ కెమెరా గుర్తించలేదు; 8 లేదా 16 ఎంబీ కార్డుల కాలపు కెమెరాకు 64, 128 ఎంబీ కార్డు పెడితే తప్పు సందేశం రావచ్చు. కెమెరా పుస్తకంలో ఎంత వరకు అని ఉంటే అంత వరకే కొనాలి.

వోల్టేజీ కూడా చూడాలి. తొలి కార్డులు 5 వోల్టులవి, తరవాతివి 3.3 వోల్టులవి. పలకలున్న వైపు మనకు కనిపించేలా పట్టుకొంటే, కత్తిరించిన మూల ఎడమన ఉన్నది 5 వోల్టులది, కుడిన ఉన్నది 3.3 వోల్టులది. 1997 నాటి ఆపిల్ క్విక్‌టేక్ 200 లాంటి కెమెరాలకు 5 వోల్టుల కార్డే కావాలి. అవి ఇప్పుడు అరుదు.

కార్డు మీద చిన్న గుండ్రటి గుర్తు ఉంటుంది. దాని మీద వెండి రంగు స్టిక్కరు అతికించి ఉంటే కెమెరా కొత్త ఫోటో రాయదు, ఉన్నది చెరపదు. పాత సామాన్ల నుంచి తెచ్చిన కార్డు ‘లాక్’ అని చూపిస్తే పాడైందని పారేయక ముందు ఆ స్టిక్కరు ఉందేమో చూడాలి. గోటితో గీకి తీసేస్తే కార్డు మామూలుగా పనిచేస్తుంది.

ఎక్స్‌డీ పిక్చర్ కార్డు

స్మార్ట్‌మీడియాకు వారసుడు. 20 × 25 మి.మీ., మందం 1.78 మి.మీ. దీనిలో కూడా కంట్రోలర్ లేదు. పాత చిక్కులు వారసత్వంగా వచ్చాయి. తొలి రకం 16 నుంచి 512 ఎంబీ వరకు వచ్చింది. తరవాత 2005లో ఎం, హెచ్ అనే రకాలు, 2008లో ఎం+ రకం వచ్చాయి. సామర్థ్యం 2 జీబీకి చేరింది. ఎం రకం కార్డులు తొలినాటి కొన్ని కెమెరాల్లో పనిచేయవు, పనిచేసినా నెమ్మదిగా రాస్తాయి. కాబట్టి 2005కు ముందటి కెమెరాకు అక్షరం లేని తొలి రకం కార్డు మేలు. ఒలింపస్ కెమెరాల్లో పనోరమా సౌకర్యం ఒలింపస్ పేరుతో అమ్మిన కార్డు పెడితేనే తెరుచుకొంటుంది. ఇది సాంకేతిక అవసరం కన్నా వ్యాపార నిర్ణయం అనుకోవచ్చు.

మెమరీ స్టిక్

చూయింగ్ గమ్ పలకలా 50 × 21.5 మి.మీ. కొలతతో వచ్చిన తొలి మెమరీ స్టిక్ గరిష్ఠ సామర్థ్యం 128 ఎంబీ. ఆ హద్దు దాటడానికి సోనీ రెండు 128 ఎంబీ భాగాలను ఒకే కార్డులో పెట్టి, మధ్యలో మీట అమర్చి ‘సెలెక్ట్’ పేరుతో అమ్మింది. ఒక భాగం నిండితే కార్డు బయటికి తీసి మీట జరిపి మళ్లీ పెట్టాలి. 2003లో వచ్చిన మెమరీ స్టిక్ ప్రో ఆకారం అదే, సంకేత విధానం వేరు. ప్రో గాడి ఉన్న కెమెరా సాధారణంగా పాత కార్డును చదువుతుంది. పాత కెమెరా ప్రో కార్డును చదవదు. డ్యుయో అన్నది 31 × 20 మి.మీ. పొట్టి రూపం మాత్రమే. పొడవు గాడిలో పెట్టడానికి తొడుగు ఉంటుంది. గాడి పక్కన ‘ప్రో’ అన్న గుర్తు ఉందా లేదా అన్నది ఇక్కడ నిర్ణయించే విషయం.

ఎస్‌డీ, మల్టీమీడియా కార్డులు

మల్టీమీడియా కార్డు 1.4 మి.మీ. మందంతో 7 పలకలది, ఎస్‌డీ 2.1 మి.మీ. మందంతో 9 పలకలది. రెండింటి పొడవు వెడల్పులు 32 × 24 మి.మీ.లే. అందువల్ల చాలా ఎస్‌డీ గాడుల్లో మల్టీమీడియా కార్డు పడుతుంది. మల్టీమీడియా గాడిలో ఎస్‌డీ కార్డు మాత్రం పట్టదు.

ఇప్పుడు దుకాణంలో తేలిగ్గా దొరికేది ఎస్‌డీ కుటుంబమే కాబట్టి ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. బయటికి ఒకేలా కనిపించే కార్డుల్లో మూడు తరాలున్నాయి. 2 జీబీ వరకు ఉన్నది మామూలు ఎస్‌డీ. 2006లో ప్రమాణమై 32 జీబీ వరకు వెళ్లేది ఎస్‌డీహెచ్‌సీ. 2009లో ప్రకటించి 2 టీబీ వరకు అనుమతించేది ఎస్‌డీఎక్స్‌సీ. కొత్త తరం కెమెరా పాత కార్డును చదువుతుంది, పాత కెమెరా కొత్త తరం కార్డును సాధారణంగా చదవదు.

కారణం చిరునామా రాసే తీరులో ఉంది. మామూలు ఎస్‌డీలో కెమెరా ప్రతి బైటునూ విడిగా లెక్కపెట్టి, 32 బిట్ల అంకెతో దాని చోటు చెబుతుంది. ఆ అంకెతో 4 జీబీ దాటి లెక్కపెట్టలేరు. ఎస్‌డీహెచ్‌సీలో అదే అంకె బైట్లను కాక 512 బైట్ల కట్టలను లెక్కపెడుతుంది. ఇంటి నంబరు అడిగితే వీధి నంబరు చెప్పినట్టు ఉంటుంది వ్యవహారం. 2004 నాటి కెమెరాలో 32 జీబీ కార్డు పెడితే ‘కార్డు ఎర్రర్’ వస్తుంది. దాన్ని కంప్యూటరులో 2 జీబీ భాగంగా విభజించి, పాత పద్ధతిలో ఫార్మాట్ చేసి మళ్లీ పెట్టినా అదే సందేశం వస్తుంది. భాగం చిన్నదైనా కార్డు భాష మారదు. కాంపాక్ట్‌ఫ్లాష్‌లో ఇదే ఉపాయం పారుతుంది (చూ. ఫైల్ వ్యవస్థ).

మామూలు ఎస్‌డీలో కూడా 1 జీబీ దగ్గర ఒక మెట్టుంది. కార్డు తన సామర్థ్యాన్ని మూడు అంకెల గుణకారంగా చెబుతుంది. అందులో ఒకటి కట్ట పరిమాణం. అది 512 బైట్లయితే గుణకారం గరిష్ఠంగా 4096 × 512 × 512, అంటే 1 జీబీ దగ్గర ఆగుతుంది. 2 జీబీ కార్డు ఆ స్థానంలో 1024 అని చెబుతుంది. ఎప్పుడూ 512 అనే ఊహించుకొని రాసిన తొలినాటి ఫర్మ్‌వేర్ 2 జీబీ కార్డును తప్పుగా లెక్కిస్తుంది. 4 జీబీ మామూలు ఎస్‌డీ అంటూ అమ్మినవి కొన్ని ఉన్నాయి, అవి ప్రమాణంలో లేనివి.

కార్డు అంచున ఉండే లాక్ మీట వట్టి ప్లాస్టిక్ ముక్క. అది ఎక్కడుందో గాడిలోని స్విచ్చి తడిమి చూస్తుంది. మీట ఊడిపోతే కెమెరా కార్డుకు తాళం పడిందనుకొంటుంది. ఆ ఖాళీ మీద సన్నటి సెల్లోటేపు ముక్క అంటిస్తే తాళం తీసినట్టే.

ఫైల్ వ్యవస్థ

1998లో జపాన్‌లో రూపొందిన డీసీఎఫ్ నియమాల వల్ల దాదాపు అన్ని కెమెరాలూ ఫోటోలను ‘డీసీఐఎం’ అనే ఫోల్డరులోనే దాస్తాయి. పద్దు రాసే పద్ధతిలో మాత్రం తేడాలున్నాయి. తొలినాటి కెమెరాలకు ఫ్యాట్12, ఫ్యాట్16 మాత్రమే తెలుసు. ఫ్యాట్16లో సుమారు 65 వేల గడులు, ఒక్కో గడి గరిష్ఠంగా 32 కేబీ. హెచ్చించి చూస్తే 2 జీబీ. ఆపై చోటు ఆ కెమెరాకు కనిపించదు. ఎస్‌డీహెచ్‌సీ కార్డులు ఫ్యాట్32తో, ఎస్‌డీఎక్స్‌సీ కార్డులు ఎక్స్‌ఫ్యాట్‌తో వస్తాయి.

కాంపాక్ట్‌ఫ్లాష్‌లో సంకేత విధానం మారలేదు కాబట్టి ఇబ్బంది అంతా పద్దు దగ్గరే. 4 లేదా 8 జీబీ కార్డులో 2 జీబీ భాగాన్ని చేసి ఫ్యాట్16తో ఫార్మాట్ చేస్తే పాత కెమెరా దాన్ని చదివే అవకాశం ఎక్కువ. మిగిలిన చోటు వృథా అవుతుంది, అంతే. ఎస్‌డీఎక్స్‌సీ కార్డు విషయం కూడా కొంత ఇలాంటిదే. దాని చిరునామా పద్ధతి ఎస్‌డీహెచ్‌సీదే. 64 జీబీ కార్డును ఫ్యాట్32లోకి మార్చి ఎస్‌డీహెచ్‌సీ కెమెరాలో వాడేవారున్నారు. కెమెరా తయారీదారు మాత్రం హామీ ఇవ్వడు.

మిగిలిన షాట్ల సంఖ్య చూపించే అంకె పెద్ద కార్డు పెట్టినప్పుడు 999 లేదా 9999 దగ్గర కదలకుండా ఉంటే అది లోపం కాదు. కెమెరా తెర మీద అంతకన్నా అంకెలకు చోటు లేదు.

వేగం

కాంపాక్ట్‌ఫ్లాష్ మీద రాసే ‘133 ఎక్స్’ లాంటి గుర్తులో ఒక ఎక్స్ అంటే సెకనుకు 150 కేబీ, తొలి సీడీ డ్రైవు వేగం. ఎస్‌డీ మీద 2, 4, 6, 10 తరగతులు సెకనుకు అన్ని ఎంబీల కనీస రాత వేగాన్ని చెబుతాయి. పాత కెమెరా లోపలి ప్రాసెసరే నెమ్మది. దానికి వేగపు కార్డు పెట్టినా ఫోటోకూ ఫోటోకూ మధ్య ఆగే సమయం పెద్దగా తగ్గదు. కంప్యూటరులోకి దించుకొనేటప్పుడే ఆ వేగం పనికొస్తుంది.

అడాప్టర్లు

మైక్రోఎస్‌డీని ఎస్‌డీ గాడిలో పెట్టే తొడుగులో తీగలు తప్ప ఏమీ లేవు. కాబట్టి 2 జీబీ మైక్రోఎస్‌డీ పాత ఎస్‌డీ కెమెరాలో మామూలు ఎస్‌డీలాగే పనిచేస్తుంది. ఎస్‌డీ నుంచి కాంపాక్ట్‌ఫ్లాష్‌కు మార్చే అడాప్టరులో అలా కాదు, భాష మార్చే చిప్పు ఉంటుంది. అందువల్ల దానిలో ఏ తరం ఎస్‌డీ చెల్లుతుందన్నది అడాప్టరు మీద ఆధారపడుతుంది, కెమెరా మీద కాదు. ఇవి చాలావరకు టైప్ 2 మందంతో వస్తాయి. మైక్రోఎస్‌డీని మెమరీ స్టిక్ ప్రో డ్యుయోగా మార్చే అడాప్టర్లు ప్రో కెమెరాల్లోనే పనిచేస్తాయి. ఒలింపస్ స్వయంగా తెచ్చిన మైక్రోఎస్‌డీ నుంచి ఎక్స్‌డీకి మార్చే తొడుగు ఆ సంస్థ చివరి కాలపు కొన్ని కెమెరాలకే పరిమితం.

ఫ్లాష్‌పాత్ అనేది ఇప్పుడు చూస్తే వింతగా తోచే పరికరం. అచ్చం 3.5 అంగుళాల ఫ్లాపీలా ఉంటుంది. దాని కడుపులో స్మార్ట్‌మీడియా కార్డు పెట్టి కంప్యూటర్ ఫ్లాపీ డ్రైవులో దూర్చేవారు. లోపల బటన్ బ్యాటరీలు కూడా ఉండేవి.

రెండు గాడుల కెమెరాలు

కార్డుల పోటీ తేలని రోజుల్లో కొందరు తయారీదారులు ఒకటికి మించి గాడులు పెట్టారు. 2002 నాటి ఫ్యూజీ ఫైన్‌పిక్స్ ఎస్602 జూమ్‌లో స్మార్ట్‌మీడియా, కాంపాక్ట్‌ఫ్లాష్ రెండూ పడతాయి. అదే ఏడాది ఒలింపస్ సీ-5050 జూమ్ స్మార్ట్‌మీడియా, ఎక్స్‌డీ, కాంపాక్ట్‌ఫ్లాష్ మూడింటికీ చోటిచ్చింది. సోనీ 2003లో డీఎస్‌సీ-ఎఫ్828లో మెమరీ స్టిక్ పక్కన కాంపాక్ట్‌ఫ్లాష్ గాడి పెట్టింది. 2007 నాటి ఫ్యూజీ ఎఫ్40ఎఫ్‌డీ ఎక్స్‌డీతో పాటు ఎస్‌డీని కూడా తీసుకొంటుంది. పాత కెమెరా కొనేవారికి ఇవి తలనొప్పి తగ్గించే నమూనాలు.

కార్డును తయారు చేసుకోవడం

కొత్తగా కొన్న కార్డును వాడబోయే కెమెరాలోనే ఫార్మాట్ చేయాలన్నది సాధారణ నియమం. స్మార్ట్‌మీడియా, ఎక్స్‌డీల విషయంలో ఇది మరింత ముఖ్యం. కంట్రోలర్ లేనందువల్ల కెమెరాకు అవసరమైన గుర్తింపు వివరాలు కూడా చిప్పులోని మామూలు గడుల్లోనే ఉంటాయి. కంప్యూటరులో ఫార్మాట్ చేస్తే అవి చెరిగి, కెమెరా ఆ కార్డును అసలు గుర్తించకపోవచ్చు.

వాడిన కార్డులు, మరీ చవకగా దొరికే కార్డులు కొన్నప్పుడు సామర్థ్యం నిజమో కాదో పరీక్షించాలి. చిన్న చిప్పు పెట్టి పెద్ద అంకె చూపించే నకిలీలు ఉన్నాయి. అవి నిండేదాకా బాగానే ఉన్నట్టు నటించి, తరవాత పాత ఫోటోల మీదే కొత్తవి రాస్తాయి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాములు కార్డు నిండా రాసి, తిరిగి చదివి నిజం తేలుస్తాయి. ఫ్లాష్ గడుల్లో నిలిచిన విద్యుదావేశం ఏళ్లు గడిచేకొద్దీ సన్నగా కారిపోతుంది. కాబట్టి సొరుగులో దొరికిన పాత కార్డులో ఫోటోలుంటే ముందు వాటిని కంప్యూటరులోకి దించుకొని, తరవాతే ఫార్మాట్ చేయాలి.

నేటి స్థితి

2010లో సోనీ తన కెమెరాల్లో ఎస్‌డీకి చోటివ్వడం, ఒలింపస్, ఫ్యూజీఫిల్మ్ ఎక్స్‌డీని వదిలేయడంతో చిన్న కెమెరాల్లో పోటీ ముగిసింది. సీసీడీ సెన్సరు ఉన్న పాత చిన్న కెమెరాల మీద యువతకు ఇటీవల మళ్లీ మోజు పుట్టడంతో, ఎప్పుడో మూలపడ్డ కార్డుల కోసం వెతుకులాట మొదలైంది. లభ్యతను బట్టి చూస్తే కాంపాక్ట్‌ఫ్లాష్ గాడి ఉన్న కెమెరా అన్నిటికన్నా నిశ్చింత. ఎస్‌డీ కెమెరా అయితే కొనేముందు దాని మీద, లేదా పుస్తకంలో, ఎస్‌డీహెచ్‌సీ అన్న మాట ఉందో లేదో చూడాలి. లేకపోతే 1 లేదా 2 జీబీ కార్డు వెతుక్కోవాలి. స్మార్ట్‌మీడియా, తొలితరం మెమరీ స్టిక్ కెమెరాలను కార్డుతో కలిపి అమ్మేవారి దగ్గరే, అక్కడికక్కడే ఒక ఫోటో తీసి చూసుకొని కొనాలి.